వైజాగ్ వాళ్ళకి మాత్రమే తెలిసే క్లూ పెట్టి మిస్టరీ రాస్తే మిగతా పాఠకులకి అన్యాయం చేసినట్టా?

మర్రిపాలెం_రచన:

అందరికీ నమస్కారం. ఒక మిస్టరీ నవల రాస్తున్నాను. సగం పైనే అయింది, ఇప్పుడు ఒక్క క్లూ దగ్గర ఆగిపోయాను. కథంతా మన ఊళ్ళోనే. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే గుమస్తా ఒకాయన మే నెల మూడో వారంలో హత్యకి గురవుతాడు. అనుమానం ఉన్నవాళ్ళలో ఒక మరబోటు ఓనరు ఉన్నాడు, పేటలో పెద్దమనిషి, గుడికీ పెళ్ళిళ్ళకీ చేయి చాచి ఇచ్చేవాడు. ఎస్సై వెళ్ళి ఆ రాత్రి ఎక్కడున్నారని అడిగితే తొణక్కుండా, 'బోటు మీదే ఉన్నానండి, భీమిలి దాటాక వల వేశాం, తెల్లారేసరికి వచ్చేశాం' అంటాడు. కథ మొత్తం ఆ ఒక్క మాట మీద తిరుగుతుంది, ఎందుకంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం, మే నెలలో మరబోటు రేవు దాటే ప్రశ్నే లేదు.

రాసినంతవరకు ఇద్దరికి చదవమని ఇచ్చాను. గాజువాకలో ఉండే మా చెల్లి ఆ లైను దగ్గరే 'వీడేనా?' అని మెసేజ్ పెట్టింది. హైదరాబాద్ ఫ్రెండ్ మాత్రం చివరిదాకా చదివి, నిజంగా బాధపడింది. 'చేపల వేటకి సెలవులుంటాయని నాకెలా తెలుస్తుంది, నువ్వు నాకు ఆడే అవకాశమే ఇవ్వలేదు' అంది. పోనీ ముందే నిషేధం గురించి చెప్పేద్దామంటే ఇక మిస్టరీ ఏముంది, చెప్పకపోతే మోసం అంటారు. రాసేవాళ్ళు, బాగా చదివేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, మీరైతే ఏం చేస్తారు?

సీతమ్మధార_నవలలు:

క్రైమ్ నవలలు చాలా ఏళ్ళుగా రాస్తున్నాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపికగా చదవండి.

1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత డిటెక్టివ్ కథలకి పది నియమాలు పెట్టాడు. అన్నీ ఇప్పుడు పనికిరావు కానీ రెండు మీ సమస్యకి సరిగ్గా సరిపోతాయి. డిటెక్టివ్‌కి దొరికిన క్లూ పాఠకుడికి కూడా వెంటనే చూపించాలన్నది ఒకటి. ఎక్కడా లేని విషాలూ, ఆఖర్లో పెద్ద సైన్సు పాఠం చెబితే తప్ప అర్థం కాని పరికరాలూ వాడకూడదన్నది రెండోది. వేట నిషేధం దాచిపెట్టిన రహస్యమేం కాదు, ఏటా పేపర్లో వస్తుంది. కానీ వరంగల్‌లో కూర్చుని చదివే మనిషి ఆ వార్త ఎందుకు చదువుతాడు? మీ ఫ్రెండ్ బాధ న్యాయమైనదే.

ఒక ఉదాహరణ చెబుతాను, అగాథా క్రిస్టీ మొదటి నవల ఇంకా చదవనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. ఆవిడ మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసింది. 1920లో వచ్చిన ఆ నవలలో హత్య మొత్తం అక్కడ నేర్చుకున్న సంగతి మీదే నడుస్తుంది. స్ట్రిక్నిన్ ఉన్న టానిక్‌లో బ్రోమైడ్ పొడి కలిపితే విషమంతా అడుక్కి దిగిపోతుంది, సీసాలో ఆఖరి మోతాదు తాగినవాళ్ళు చనిపోతారు. ఈ కెమిస్ట్రీ ఎంతమంది పాఠకులకి తెలుసు? కానీ టానిక్ గురించీ చెప్పింది, ఖాళీ బ్రోమైడ్ డబ్బానీ చూపించింది. రెంటినీ కలపలేకపోయింది మనం. అందుకే ఆ పుస్తకం మూశాక మోసపోయామని అనిపించదు. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి, అలాంటి క్లూని మనం మెచ్చుకుంటామే గానీ సొంతంగా ఛేదించలేం. మీ నిషేధం అంతకంటే చాలా మంచి క్లూ, ఎందుకంటే దాన్ని అర్థం చేసుకోడానికి చదువు అక్కర్లేదు, ఒక్కసారి చెవిన పడితే చాలు.

కాబట్టి చెవిన వేయండి. నిషేధాన్ని నిషేధంలా కాకుండా ఇంకొకళ్ళ కష్టంలా వేయండి. మూడో అధ్యాయంలో ఎక్కడో ఒక కళాసీ (బోటు మీద పనిచేసే మనిషి) భార్య చీటీ డబ్బు కట్టడానికి వచ్చి వారం వాయిదా అడుగుతుంది. 'మగాళ్ళు ఇంట్లోనే ఉన్నారమ్మా, భృతి ఇంకా పడలేదు, జూన్ దాటితే గానీ ఇచ్చుకోలేను' అంటుంది. పూర్ణా మార్కెట్లో వంజరం ధర విని ఎవరో వెనక్కి తిరిగి వచ్చేస్తారు. చదివేవాళ్ళు దాన్ని పేదరికం అనుకుంటారు, ధరలు అనుకుంటారు, క్యాలెండర్ అనుకోరు. ఆ తర్వాత నలభై పేజీలు వేరే టెన్షన్‌లో పెట్టండి, అప్పుడు మీ ఓనరు చేత ఆ మాట అనిపించండి. ఆ మధ్య పేజీలే అసలు పని చేస్తాయి. క్లూని చీకట్లో దాచక్కర్లేదు, పాఠకుడి మనసు ఇంకొకరి మీద ఉన్నప్పుడు అతని ఎదురుగానే పెట్టొచ్చు.

ఇది నాకు రాయడం కంటే చదవడం వల్ల వచ్చింది. నేను ఏ మిస్టరీనైనా రెండుసార్లు చదువుతాను. మొదటిసారి అందరిలాగే ఎవరు చంపారోనని. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, హంతకుడు మాట్లాడిన ప్రతి వాక్యం పక్కనా గీత పెట్టుకుంటూ. మంచి నవలలో ఆ వాక్యాలన్నీ రెండోసారికి కొత్త అర్థంతో వినిపిస్తాయి. అతను ఎక్కడా అనవసరంగా అబద్ధమాడి ఉండడు, కొన్నిచోట్ల పచ్చి నిజం చెప్పి ఉంటాడు, మనమే వేరేలా విని ఉంటాం. చెడ్డ నవలలో గీతలు పెట్టడానికి ఏమీ ఉండదు, వందల పేజీల్లో అతను రెండుసార్లు టీ తాగి వెళ్ళిపోయి ఉంటాడు. మీ నవల పూర్తయ్యాక మీ ఓనరు మాటలన్నీ ఒక కాగితం మీద విడిగా రాసుకుని వరసగా చదవండి, ఎక్కడ బలం లేదో తెలిసిపోతుంది.

పౌరగ్రంథాలయం_పాఠకురాలు:

రాయడం నాకు రాదు, చదవడం మాత్రం ద్వారకానగర్ లైబ్రరీలో మెంబర్‌షిప్ తీసుకున్న రోజు నుంచి ఆపలేదు. అద్దె పుస్తకాల షాపుల్లో రోజుకో డిటెక్టివ్ నవల తెచ్చుకున్న వయసు నాది. పైన సార్ చెప్పింది బయటివాళ్ళ గురించి. నేను మన ఊరి పాఠకుల గురించి చెబుతాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడ ఇంకా పెద్దది.

వైజాగ్ నేపథ్యంలో వచ్చిన ఒక మిస్టరీలో (పేరు వద్దులెండి) ఒక కుర్రాడు, 'ఆ సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చుని సముద్రంలో సూర్యాస్తమయం చూశాను' అని చెబుతాడు. నేను ఎగిరి గంతేశాను. మనది తూర్పు తీరం, సూర్యుడు పొద్దున్నే సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం మన వీపు వెనక, ఊరి అవతల దిగుతాడు. వీడు బీచ్‌కి వెళ్ళనే లేదు, దొరికిపోయాడు అనుకుని చివరిదాకా వాడి మీదే కన్నేసి చదివాను. తీరా చూస్తే వాడికి ఏ పాపం తెలీదు, రచయితకే మన సముద్రం ఎటుందో తెలీదు. ఆ రోజు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఎందుకంటే ఆ పుస్తకాన్ని నేను నమ్మి చదివాను.

అందుకని మర్రిపాలెం గారూ, మీ ఓనరు అబద్ధం చెప్పినప్పుడు మాలాంటివాళ్ళు అది పాత్ర ఆడిన అబద్ధం అనుకోవాలా, మీరు చేసిన పొరపాటు అనుకోవాలా? ఆ లైను ఒక్కటీ చూసి చెప్పలేం. అప్పటిదాకా మీరు రాసిన ప్రతి చిన్న సంగతీ సరిగ్గా ఉంటేనే మేం మీ పక్షాన నిలబడి 'లేదు, ఈవిడకి తెలుసు, కావాలనే రాసింది' అనుకుంటాం. బీచ్ రోడ్డులో సముద్రం వైపు తిరిగి నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండ కుడిచేతి వైపు ఉండాలి, కైలాసగిరి ఎడమ వైపు ఉండాలి. జగదాంబ నుంచి హార్బర్‌కి వెళ్ళే మనిషి దారిలో మధురవాడ దాటకూడదు. ఇలాంటివి ఒక్కటి తప్పినా మీ క్లూ చచ్చిపోతుంది. మీ చెల్లి వెంటనే పట్టుకుందంటే మీరు మిగతాదంతా జాగ్రత్తగా రాశారనే నేను అనుకుంటున్నాను.

ఇంకో మాట. ముందే పట్టుకోవడం తప్పు అని ఎందుకనుకుంటున్నారు? నేను హంతకుణ్ణి ముందే కనిపెట్టిన నవలలు చాలా ఉన్నాయి, అవి నాకు మరీ ఇష్టం. ఎవరో తెలిశాక మిగతా వంద పేజీలూ 'ఇంత మంచివాడు ఎందుకు చేశాడు' అని చదువుతాను, ఆ చదువు వేరే.

జాలారిపేట_కుర్రోడు:

అక్కా, మా ఇంట్లో అందరూ వేట మీద బతికినోళ్ళే. మా నాన్న బోటు డ్రైవరు. మీరు మా గురించి రాస్తున్నందుకు చాలా సంతోషం. కానీ మీ కథలో కొన్ని సంగతులు మావాళ్ళు ఒప్పుకోరు, చెప్పేస్తాను.

ముందు ముఖ్యమైంది. వైజాగ్ ఎస్సైకి ఏ బోటు ఓనరూ మే నెలలో వేటకెళ్ళానని చెప్పడు. హార్బర్ పక్కన పనిచేసే పోలీసుకి నిషేధం సంగతి తెలీదా? ఆ మాట అన్న క్షణంలోనే అతన్ని జీపు ఎక్కిస్తారు. అసలు వెళ్ళినా వెళ్ళలేదనే చెప్తారు, ఎందుకంటే నిషేధంలో వెళ్తే కేసు.

రెండోది, ఒక్క రాత్రికి వెళ్ళి తెల్లారి వచ్చేది ఇంజన్ ఉన్న ఫైబర్ బోట్లు. పెద్ద మరబోటు వెళ్ళిందంటే రోజుల తరబడి సముద్రం మీదే ఉంటుంది. చాలా బోట్లకి ఓనరు వెళ్ళడు, డ్రైవరూ కళాసీలూ వెళ్తారు. నిషేధం మరబోట్లకే కాదు, ఇంజన్ ఉన్న ఫైబర్ బోట్లకి కూడా. ఇంజన్ లేని తెప్పలు మాత్రం వెళ్ళొచ్చు. అందుకే మీ ఓనరు తెలివైనవాడైతే 'మా బావమరిది తెప్ప మీద సరదాగా వెళ్ళాను' అంటాడు. పేటలో ఎవరూ నమ్మరు, ఎందుకంటే అంత పెద్ద ఓనరు తెప్ప ఎక్కి ఎన్నేళ్ళయి ఉంటుందో అందరికీ తెలుసు. బయటోళ్ళకి మాత్రం మామూలుగానే వినిపిస్తుంది.

మూడోది, మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతుంది? ఇప్పుడు 61 రోజులు, 2015 నుంచి అలా చేశారు. దానికి ముందు 47 రోజులే, మే 31తో అయిపోయేది. మీది మే మూడో వారం కాబట్టి ఎలా అయినా సరిపోతుంది, జూన్‌కి జరిపితే మాత్రం చూసుకోండి.

నిషేధంలో జెట్టీ ఎలా ఉంటుందో ఒకసారి వెళ్ళి చూడండి. బోట్లన్నీ పక్కపక్కన ఆనించి కట్టేసి ఉంటాయి, లోపల ఉన్న బోటు బయటికి తియ్యాలంటే ముందున్నవి జరపాలి. కొన్నిటికి ఇంజన్ దించేసి ఉంటారు, కొన్నిటిని ఒడ్డుకి లాగి రంగులు వేస్తుంటారు. పెయింట్ వాసనే గానీ చేపల వాసన ఉండదు. ఆ వాసన మీద ఒక లైను రాస్తే తెలిసినోడికి తెలుస్తుంది.

ఇంకో ఐడియా. చచ్చిపోయినాయన ఐస్ గుమస్తా అన్నారు కదా. ఐస్ ఎక్కించకుండా ఏ మరబోటూ వేటకి వెళ్ళదు. ఆయన ఖాతా పుస్తకంలో బోటు పేరూ, దిమ్మల లెక్కా రోజూ రాస్తాడు. ఏప్రిల్ 15 తర్వాత ఆ బోటు పేరు కింద పేజీలు ఖాళీగా ఉంటాయి. ఖాళీ పేజీ కంటే మంచి క్లూ ఏముంటుంది చెప్పండి.

చివరగా ఒక్క రిక్వెస్ట్. సినిమాల్లో మావాళ్ళంటే తాగుడూ, కత్తులూ. మీ నవలలో హంతకుడు మావాడే అయితే అవ్వనివ్వండి, కానీ ఆ నిజం కనిపెట్టేవాళ్ళలో కూడా మావాడు ఒకడు ఉండాలి.

మర్రిపాలెం_రచన:

తమ్ముడూ, నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. ఖాళీ పేజీల సంగతి చాలా బాగుంది, తీసుకుంటున్నాను. కళాసీ కొడుకు ఒకడు కథలో ఇప్పటికే ఉన్నాడు, వాడికి ఇంకా పెద్ద పని ఇస్తాను. కానీ ఎస్సై సంగతి నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది. ఆ మాట ఎస్సైతో అనకపోతే ఇంకెవరితో అనాలి? ఎస్సైని కొత్తగా రాయలసీమ నుంచి ట్రాన్స్‌ఫర్ అయి వచ్చినట్టు రాస్తే సరిపోతుందా? ఇంకొకటి, ఆఖరి అధ్యాయంలో ఓనరు స్టేషన్లో అన్నీ ఒప్పుకుంటాడు. అది ఉంచవచ్చా, మరీ సినిమాలా ఉందా?

సీతమ్మధార_నవలలు:

జాలారిపేట తమ్ముడు చెప్పింది నేను చెప్పిన దానికంటే ఎక్కువ పనికొచ్చే మాట. ఎస్సైని బదిలీ చేయకండి. ఆయన కొత్తవాడైనా పక్కన హెడ్ కానిస్టేబుల్ ఉంటాడు, స్టేషన్లో పదిమంది ఉంటారు, వాళ్ళందరినీ మూగవాళ్ళని చేయలేరు.

అబద్ధం ఎప్పుడూ వినేవాళ్ళని బట్టి తయారవుతుంది. ఒకే మనిషి భార్యకి ఒకటి, పోలీసుకి ఒకటి, అప్పులవాడికి ఇంకొకటి చెబుతాడు. మరి మే నెలలో వేటకెళ్ళానని ఎవరికి ధైర్యంగా చెప్పగలడు? ఆ ఊరు కాని మనిషికి. చనిపోయిన గుమస్తాకి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే కూతురు ఉందనుకోండి. తండ్రి పోయాక వచ్చింది. ఓనరు పరామర్శకి ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ 'ఆ రాత్రి నేను వేట మీద ఉన్నానమ్మా, ఒడ్డున ఉంటే మీ నాన్నని ఒంటరిగా వదిలేవాణ్ణా' అంటాడు. ఆ అమ్మాయి అతని చేతులు పట్టుకుని ఏడుస్తుంది. పాఠకుడు కూడా ఏడుస్తాడు. పక్క గదిలో పిన్నిగారు వంట చేస్తున్నారు కాబట్టి వినలేదు, వినుంటే అక్కడే పట్టుకునేది. పోలీసులకి మాత్రం అతను ఇంకేదో చెప్పి ఉంటాడు, ఇంట్లో నిద్రపోయానని. ఈ రెండు మాటలూ ఎప్పుడు ఎదురుపడతాయా అన్నదే మీ రెండో సగం.

మీ ఫ్రెండ్ కంప్లయింట్ కూడా దీంతో తీరిపోతుంది. ఆ అమ్మాయికి ఎంత తెలుసో హైదరాబాద్ పాఠకుడికీ అంతే తెలుసు. ఖాతా పుస్తకం ఆమె చేతిలోనే ఉంటుంది, ఖాళీ పేజీలు చూసి నాన్నకి అప్పటికే ఒంట్లో బాగోలేదేమో, పని మానేశాడేమో అనుకుంటుంది, పాఠకుడూ అదే అనుకుంటాడు. నిజం తెలిసినప్పుడు ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది. వైజాగ్ వాళ్ళు మాత్రం 'అమ్మాయీ, నమ్మకు' అని గొంతు చించుకుంటూ చదువుతారు. లైబ్రరీ మేడమ్ గారు చెప్పిన ఆ వేరే చదువు వాళ్ళకి దొరుకుతుంది. ఒకే పుస్తకం రెండు రకాల పాఠకులకి రెండు రకాలుగా పనిచేస్తే ఇంకేం కావాలి.

నేను ఈ మధ్య మిస్టరీల కంటే కుటుంబ నవలలే ఎక్కువ చదువుతున్నాను, దీనికోసమే. ఒక అత్తగారు భోజనాల దగ్గర ఏం మాట్లాడకుండా లేచి వెళ్ళిపోవడంలో ఎంత క్లూ ఉంటుందో మా క్రైమ్ రాసేవాళ్ళు చాలామంది గమనించరు. శవాలూ వేలిముద్రలూ ఎవరైనా రాస్తారు. పరామర్శకి వచ్చిన మనిషి ఎంతసేపు కూర్చున్నాడు, కాఫీ తాగాడా లేదా, ఫోటో వైపు చూశాడా లేదా అన్నవి రాస్తే పాఠకుడు తన ఇంట్లో చూసిన చావుతో పోల్చుకుంటాడు, అప్పుడు మీరు చెప్పింది నమ్ముతాడు.

రిటైర్డ్_స్టేషన్_రైటర్:

అమ్మా, ఆఖరి అధ్యాయం గురించి అడిగారు కాబట్టి నా సర్వీసులో చూసింది చెబుతాను. ముద్దాయి స్టేషన్లో ఎస్సైకి ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యం కాదు. పాత ఎవిడెన్స్ యాక్టులో అది 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్. మేజిస్ట్రేట్ ముందు ఇష్టపూర్వకంగా చెబితేనే పనికొస్తుంది. నవలల్లో, సినిమాల్లో లాఠీ చూపించగానే కథ అయిపోతుంది గానీ, నిజంగా కేసు అక్కడ మొదలవుతుంది.

అయితే ఆ 23వ సెక్షన్లోనే ఒక మినహాయింపు ఉంది, రాసేవాళ్ళకి అది మంచి అవకాశం. ముద్దాయి చెప్పిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, దానికి సంబంధించిన ముక్క వరకు చెల్లుతుంది. మీ ఓనరు దేంతో చంపాడో నాకు తెలీదు. ఐస్ దిమ్మలు లాగే కొక్కెం అనుకుందాం. 'పలానా చోట పడేశాను, వస్తే చూపిస్తాను' అంటాడు. ఇద్దరు మధ్యవర్తుల్ని పిలుస్తారు, చాలాసార్లు వీఆర్వోనే (గ్రామ రెవెన్యూ అధికారి) తెస్తారు. వాళ్ళ ఎదురుగా అతను చూపిస్తాడు, వస్తువు తీస్తారు, అక్కడే మహజరు (జరిగింది జరిగినట్టు రాసే కాగితం) రాస్తారు, సంతకాలు పెడతారు. నేను అలాంటివి చాలా రాశాను. బోట్లన్నీ కట్టేసి ఉన్న జెట్టీ మీద, పేటంతా చూస్తుండగా, నిన్నటిదాకా అందరూ దణ్ణం పెట్టిన పెద్దమనిషి వంగి తన సొంత బోటు అడుగు నుంచి ఆ కొక్కెం చూపించే సీను స్టేషన్ గదిలో ఏడ్చి ఒప్పుకునే సీను కంటే గట్టిగా ఉంటుంది.

శవం దొరికినప్పుడు చేసే పంచనామా కూడా రాసే ఉంటారు. కథ 2024 జూలై తర్వాతదైతే అది నేర విచారణ పద్ధతి కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 194 కింద, అంతకుముందుదైతే దాని పాత చట్టం సీఆర్‌పీసీ 174 కింద. ఆ తర్వాత పోస్ట్‌మార్టమ్‌కి కేజీహెచ్ ఆసుపత్రి అని రాసుకోండి. హత్య సెక్షన్ కూడా పాత ఐపీసీ 302 కాదిప్పుడు, దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ 103. ఎస్సై నోట 302 అని వస్తే కొత్త కథలో అదీ పొరపాటే అవుతుంది, పాఠకురాలు గారు చెప్పినట్టు.

ఇక ఆ ఖాతా పుస్తకం. కూతురు దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని నెల రోజులు తిరిగితే, డిఫెన్స్ లాయరు మొదటి ప్రశ్నలోనే 'ఈ పేజీలు మీరే చింపి కొత్తవి కుట్టించారు' అంటాడు. దొరికిన రోజో మర్నాడో ఆమె దాన్ని ఎస్సైకి అప్పగించాలి, పేజీలు లెక్కపెట్టి మధ్యవర్తుల ఎదుట స్వాధీనం చేసుకోవాలి. ఆమె దగ్గర ఫోన్లో తీసుకున్న ఫోటోలు మాత్రం ఉంచండి, రాత్రిళ్ళు అవి చూసుకుంటూ ఆలోచిస్తుంది. అప్పగించే సీను కథ మొదట్లోనే పెట్టండి, అప్పుడు ఎస్సై కూడా ఆ ఖాళీ పేజీలు చూస్తాడు. నిషేధం రోజుల్లో అవి ఖాళీగానే ఉండాలి కాబట్టి ఆయనకి అందులో వింతేమీ కనిపించదు. ఆమె పరామర్శలో విన్న మాట ఆయనకి తెలీదు, ఆయనకి తెలిసిన నిషేధం ఆమెకి తెలీదు. ఇద్దర్నీ ఏ అధ్యాయంలో ఒకచోట కూర్చోబెడతారో అది మీ ఇష్టం.